మరచిపోయిన ప్రారంభ పాస్‌వర్డ్: ఏ తాళం, ఎక్కడ ఉంది?

ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న ల్యాప్‌టాప్‌ను బయటకు తీసి మీట నొక్కినప్పుడు అది పాస్‌వర్డ్ అడగడం, ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ గుర్తుండకపోవడం ఇవాళ ఎంత సాధారణమైన సమస్యో, దానికి దొరికే సలహాలు అంత పొంతన లేనివి. సెల్లు తీసి మళ్లీ పెట్టమని ఒకరంటే, ఫార్మాట్ కొట్టించమని ఇంకొకరంటారు, మదర్‌బోర్డు మార్చక తప్పదని మూడోవారు తేల్చేస్తారు. ఈ మూడూ ఏదో ఒక యంత్రం విషయంలో నిజమే గాని, చేతిలో ఉన్న యంత్రం విషయంలో ఏది నిజమో తేల్చే పద్ధతి మాత్రం ఎవరూ చెప్పరు. మీట నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ కనబడేదాకా ల్యాప్‌టాప్ కనీసం నాలుగు వేర్వేరు చోట్ల పాస్‌వర్డ్ అడగగలదు. ఆ నాలుగింటినీ జనం ‘ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్’ అనే ఒకే మాటతో పిలుస్తారు. గందరగోళానికి మూలం అక్కడే ఉంది. ఏ తాళం పడిందో తేలితే సగం పని అయినట్టే. యంత్రం కావాలా, అందులో దాచుకున్నది కావాలా అన్నది కూడా తేలితే మిగిలిన సగం చాలావరకు దానంతట అదే తేలుతుంది.

ఈ ప్రశ్నను ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు పట్టణం భిలాయిని దృష్టిలో పెట్టుకొని పరిశీలించడానికి కారణం ఉంది. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం మేరకు నిర్మాణమై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను వెలిగించుకున్న ఈ కర్మాగారం, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలకు జీవనాధారమైంది. సెక్టార్ల క్వార్టర్లలోనూ ఖుర్సీపార్ వంటి పేటల్లోనూ స్థిరపడిన ఆ కుటుంబాలలో పిల్లలు ఐఐటీ శిక్షణకూ ఇంజనీరింగుకూ పేరుపడిన ఈ ఊళ్లోనే చదువుకొని, హైదరాబాదుకో బెంగళూరుకో అమెరికాకో వెళ్లిపోతే, వారి కాలేజీ నాటి ల్యాప్‌టాప్ తల్లిదండ్రుల దగ్గర ఉండిపోవడం సాధారణ పరిణామం. 2013లో రాష్ట్ర ప్రభుత్వం ‘యువ సూచనా క్రాంతి యోజన’ పేరుతో చివరి సంవత్సరం విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు పంచడంతో ఇలాంటి యంత్రాల సంఖ్య ఇంకా పెరిగింది. వాటి అవసరం ఒక్కోసారి హఠాత్తుగా వచ్చి పడుతుంది: ఎక్కువ పింఛను విషయంలో సుప్రీంకోర్టు 2022 నవంబరు 4న తీర్పు ఇచ్చిన తరవాత, ఈపీఎస్-95 అనే ఉద్యోగుల పింఛను పథకం కింది పింఛనుదారులు పాత జీతాల చీటీలూ భవిష్యనిధి కాగితాలూ వెతికి ఉమ్మడి ఆప్షన్ దరఖాస్తును 2023లో ఆన్‌లైన్‌లోనే పెట్టవలసి వచ్చింది. స్కాన్ చేసి దాచిన కాగితం తాళం పడిన డిస్కులో ఉన్నప్పుడే పాస్‌వర్డ్ విలువ తెలిసివస్తుంది.

తాళాల సంగతికి ముందు, పాస్‌వర్డ్ నిజంగా మరచిపోయారా అన్నది తేల్చుకోవడం అవసరం, ఎందుకంటే దోషం జ్ఞాపకానిది గాక కీబోర్డుది అయిన సందర్భాలు తక్కువేమీ కావు. విడిగా అంకెల మీటలు లేని పాత చిన్న ల్యాప్‌టాప్‌లలో నమ్‌లాక్ పడి ఉంటే కుడివైపు అక్షరాలు అంకెలుగా మారిపోతాయి. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషు అక్షరాలలో కొట్టినప్పుడు ఎల్, కే, ఎం, ఐ అనే నాలుగు అక్షరాల చోట 3, 2, 0, 5 పడతాయి, కాని తెర మీద చుక్కలే కనబడతాయి గనుక తప్పు ఎక్కడ జరిగిందో కొట్టినవారికి తెలియదు. హిందీ, తెలుగు టైపు కూడా చేసిన యంత్రాలలో విండోస్ ప్రవేశ తెర దగ్గర భాష గుర్తు ఇంగ్లీషులో ఉందో లేదో చూడాలి, ఎందుకంటే ఇన్‌స్క్రిప్ట్ వంటి కీబోర్డు అమరిక ఎంపికై ఉంటే సరైన పాస్‌వర్డ్ కూడా తప్పుగానే పడుతుంది. కొన్నేళ్లు కదలకుండా ఉన్న కీబోర్డులో ఒకటి రెండు మీటలు చచ్చిపోవడమూ మామూలే కాబట్టి, యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తగిలించి ప్రయత్నించడం పైసా ఖర్చు లేని మొదటి పరీక్ష. ఈ మాత్రం చూడకుండా ల్యాప్‌టాప్‌ను దుకాణానికి మోసుకుపోవడం తొందరపాటు.

అసలు తాళాలలో మొదటిది ఫర్మ్‌వేర్‌ది, అంటే విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థకు ముందే మేల్కొని యంత్ర భాగాలను పరీక్షించే, మదర్‌బోర్డు మీది చిప్పులో శాశ్వతంగా ఉండే కార్యక్రమానిది. దీనికి పాత పేరు బయోస్, 2010 తరవాతి యంత్రాలలో ఎక్కువగా యూఈఎఫ్‌ఐ. తయారీదారు గుర్తు కనబడిన వెంటనే, విండోస్ ఛాయ కూడా రాకముందే, నల్లని తెర మీద చిన్న గడి ఒకటి పాస్‌వర్డ్ అడిగితే అది చాలావరకు ఈ తాళమే. ఇందులో మళ్లీ రెండు రకాలున్నాయి: యంత్రం నడవడానికి కావలసిన పవర్-ఆన్ పాస్‌వర్డ్ ఒకటి, సెట్టింగులు మార్చడానికి అధికారమిచ్చే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మరొకటి. రెండోది తెలిసినవారు మొదటిదాన్ని తీసివేయగలరు గాని, మొదటిది తెలిసినవారు రెండోదాన్ని తీయలేరు.

సెల్లు తీసే సలహాకు మూలం ఈ తాళపు చరిత్రలో ఉంది. 1984లో ఐబీఎం తెచ్చిన పీసీ ఏటీలో గడియారం కోసం మోటరోలా చిప్పు ఒకటి ఉండేది. అందులోని 64 బైట్ల జ్ఞాపకంలో 14 గడియారానికీ మిగిలిన 50 యంత్రపు అమరికలకూ పోయేవి, కరెంటు లేనప్పుడు దాన్ని ఒక చిన్న బ్యాటరీ బతికించేది. 1987లో వచ్చిన పీఎస్/2 వరసలో ప్రారంభ పాస్‌వర్డ్ కూడా ఇలాంటి బ్యాటరీ జ్ఞాపకంలోకే చేరింది. బ్యాటరీ తీస్తే జ్ఞాపకం ఖాళీ, దానితోపాటు పాస్‌వర్డూ మాయం. బల్ల మీది కంప్యూటర్లలో ఈ పనికోసం మదర్‌బోర్డు మీద జంపర్ అనే చిన్న తొడుగు కూడా పెట్టేవారు. అయితే వెంట తీసుకుపోయే యంత్రాన్ని దొంగిలించడం సులువని గ్రహించిన తయారీదారులు 1990ల చివరి నుంచీ ల్యాప్‌టాప్‌లలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్‌ను కరెంటు లేకపోయినా చెరగని వేరే చిప్పులోకి మార్చారు. ఆ కాలపు థింక్‌ప్యాడ్‌లలో 24ఆర్ఎఫ్08 అనే చిప్పు ఈ పని చేసేది. అందుచేత ఆ తరవాతి ల్యాప్‌టాప్‌లో రూపాయి బిళ్లంత సీఆర్2032 సెల్లును తీసి గంటలకొద్దీ ఆగి పెట్టినా పోయేది తేదీ, సమయం వంటివే, సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పోదు. దాదాపు పాతికేళ్ల కింద కాలం చెల్లిన ఈ చిట్కా ఇప్పటికీ మొదటి సలహాగా చలామణీ కావడం కంప్యూటర్ జానపదంలో చెప్పుకోదగ్గ విశేషం.

మరి ఆ తాళం తెరిచే దారులు తయారీదారును బట్టి మారతాయి. కొన్ని కంపెనీల పాత యంత్రాలు మూడుసార్లు తప్పు కొట్టగానే ఆగిపోయి తెర మీద ఒక సంఖ్య చూపిస్తాయి. ఆ సంఖ్య నుంచి ఒక స్థిరమైన లెక్క ప్రకారం మాస్టర్ పాస్‌వర్డ్ పుడుతుందని, అది సేవా కేంద్రాల సౌకర్యం కోసం పెట్టిన దొడ్డిదారి అని చాలాకాలం బయటివారికి తెలియదు. 2009 ప్రాంతంలో ఆ లెక్కలు బహిరంగమయ్యాక, ఆ తరం యంత్రాల ఫర్మ్‌వేర్ తాళం పేరుకే మిగిలింది. తోషిబా పాత ల్యాప్‌టాప్‌లలో ప్రింటరు తగిలించే పోర్టుకు తీగలు కలిపిన ఒక ప్లగ్గును పెడితే చాలు, పాస్‌వర్డ్ అడగడం మానేసేది. డెల్‌ది వేరే పద్ధతి: యంత్రం అడుగున అంటించిన ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్‌తో దాని యాజమాన్యం రుజువు చేసుకుంటే విడుదల సంకేతాన్ని కంపెనీయే ఇస్తుంది. లెనోవో తన వినియోగ పుస్తకాలలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మరచిపోతే తాము కూడా తీయలేమని, కొనుగోలు రుజువుతో సేవా కేంద్రానికి వచ్చి, డబ్బు చెల్లించి మదర్‌బోర్డు మార్పించుకోవాలని నిర్మొహమాటంగా రాసింది. ఆపిల్ వారి ఇంటెల్ తరం మాక్ యంత్రాలకూ అసలు కొనుగోలు రసీదే ఆధారం. దుకాణాలలో నేర్పరులైన మెకానిక్కులు చిప్పును ప్రోగ్రామర్ అనే పరికరంతో చదివి, పాస్‌వర్డ్ ఉన్న భాగాన్ని తుడిచి మళ్లీ రాస్తారు. పాత యంత్రాల విషయంలో ఇది పనిచేసే పద్ధతే గాని, చేయి తిరగనివారి చేతిలో చిప్పు పాడైతే యంత్రం పూర్తిగా మూగబోతుంది, కాబట్టి ముందు చిప్పులో ఉన్నదంతా నకలు తీశారా అని అడగడం యజమాని హక్కు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఫర్మ్‌వేర్ తాళం యంత్రాన్ని ఆపుతుంది గాని డిస్కులో ఉన్నదాన్ని ముట్టుకోదు. డిస్కు మీద మరో రక్షణ ఏదీ లేనట్లయితే, నాలుగు మరలు విప్పి దాన్ని బయటకు తీసి, యూఎస్‌బీ కేసులో పెట్టి మరో కంప్యూటరుకు తగిలిస్తే ఫొటోలూ కాగితాలూ యథాతథంగా కనబడతాయి. పాత జీతాల చీటీ మాత్రమే కావలసిన ఇంటికి మదర్‌బోర్డు బేరంతో పనే లేదు.

రెండో తాళం ఆ డిస్కుదే. 1997 నాటి ఏటీఏ-3 ప్రమాణం నుంచి హార్డ్ డిస్కు తనంతట తానే పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు ఉంది. 32 బైట్ల దాకా ఉండే ఆ పాస్‌వర్డ్‌ను డిస్కు తన లోపలే దాచుకుంటుంది గనుక, యంత్రం మార్చినా, సెల్లు తీసినా, కేసులో పెట్టినా అది లొంగదు. ఐదుసార్లు తప్పు చెబితే కరెంటు తీసి మళ్లీ ఇచ్చేదాకా పలకదు. గరిష్ఠ భద్రతా స్థాయిలో పెట్టిన డిస్కుకు మాస్టర్ పాస్‌వర్డ్ తెలిసినా, అది మొత్తం చెరిపివేయడానికే అనుమతిస్తుంది. ఇళ్లలో ఈ తాళం అరుదు, కార్యాలయాల నుంచి వచ్చిన యంత్రాలలోనే ఎక్కువ. ఇది పడినప్పుడు డిస్కును వదులుకోవడం తప్ప మామూలు మనిషికి దారి లేదు.

మూడోది విండోస్‌ది, భిలాయి ఇళ్లలోనే కాదు ఎక్కడైనా అన్నిటికన్నా ఎక్కువగా తగిలేది ఇదే. ఇందులోనూ ఒక మరుగుపడిన మెట్టు ఉంది. 1997లో విండోస్ ఎన్‌టీ 4.0 మూడో సర్వీస్ ప్యాక్‌తో వచ్చిన సిస్కీ అనే ఏర్పాటు, ఖాతాల పాస్‌వర్డ్‌లున్న ఫైలును మరో తాళంతో బిగించి, కావాలంటే ఖాతా పేరు కనబడకముందే ప్రారంభ పాస్‌వర్డ్ అడిగేది. దీన్ని గృహస్థులు దాదాపు వాడలేదు, ఇళ్ల యంత్రాలలో ఎక్కువగా వాడినవారు దొంగలు. కంపెనీ సాయం విభాగం నుంచి మాట్లాడుతున్నామని ఫోన్ చేసి, దూరం నుంచే యంత్రంలోకి చొరబడి సిస్కీ పాస్‌వర్డ్ పెట్టి, తీయడానికి డబ్బు గుంజడం ఒక వ్యాపారమైపోవడంతో మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ 10 నుంచి దాన్ని తొలగించింది. విండోస్ 7 నాటి యంత్రంలో ఎవరూ పెట్టని ప్రారంభ పాస్‌వర్డ్ ఎదురైతే ఆ ఇంటికి అలాంటి ఫోన్ ఎప్పుడైనా వచ్చిందేమో గుర్తు చేసుకోవాలి. పాత రిజిస్ట్రీ, అంటే విండోస్ అమరికలన్నీ దాచుకునే పట్టిక, నకలుగా మిగిలి ఉంటే దాన్ని తిరిగి పెట్టి తాళం విప్పించుకునే అవకాశం ఉంటుంది.

సాధారణ ఖాతా పాస్‌వర్డ్ విషయానికి వస్తే, విండోస్ దాన్ని ఉన్నదున్నట్టుగా దాచదు. దాని నుంచి లెక్కగట్టిన, వెనక్కి తిప్పలేని ఒక ముద్రను మాత్రమే దాస్తుంది. ఎక్స్‌పీ కాలపు పాత ముద్ర పద్ధతి పాస్‌వర్డ్‌ను ఏడేసి అక్షరాల రెండు ముక్కలు చేసి, అన్నిటినీ పెద్ద అక్షరాలుగా మార్చేది గనుక చాలా బలహీనం. 2003లో స్విట్జర్లాండు శాస్త్రవేత్త ఫిలిప్ ఓక్స్‌లిన్ ముందే లెక్కగట్టి పెట్టుకున్న పట్టికలతో, అక్షరాలూ అంకెలూ మాత్రమే ఉన్న ఇలాంటి పాస్‌వర్డ్‌ను సగటున 13.6 సెకన్లలో కనిపెట్టవచ్చని చూపాడు. విస్టాతో ఆ పద్ధతి వాడుకలోంచి పోయింది. కనిపెట్టే అవసరం లేకుండా, బయటి నుంచి మరో వ్యవస్థను నడిపి పాత ముద్రను తుడిచివేసే పరికరాలు 1990ల చివరి నుంచే ఉన్నాయి, దుకాణాలలో ఎక్కువగా వాడేవీ అవే. ఈ పద్ధతికి ఒక చిక్కు ఉంది: విండోస్‌లోనే ఉండే ఈఎఫ్ఎస్ అనే ఏర్పాటుతో ఫైళ్లను రహస్య లిపిలో దాచి ఉంటే, పాస్‌వర్డ్‌ను బయటి నుంచి తుడిచిన మరుక్షణం ఆ ఫైళ్లు చదవరానివవుతాయి. పాస్‌వర్డ్ గుర్తు చేసుకొని ప్రవేశించినవారికి తెరుచుకునేవి, తుడిపించుకొని ప్రవేశించినవారికి తెరుచుకోవు. అందుకే ఫైళ్ల పేర్లు ఆకుపచ్చ రంగులో కనబడేవని ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే, అది ఆ రహస్య లిపికి గుర్తు గనుక, తుడిపించడానికి తొందరపడకూడదు.

2012లో విండోస్ 8 వచ్చాక కంప్యూటర్ ప్రవేశాన్ని మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ ఖాతాతో ముడిపెట్టవచ్చునన్న పద్ధతి మొదలైంది. ఇలాంటి యంత్రానికి పాస్‌వర్డ్‌ను మరో ఫోన్ నుంచి మార్చుకొని, ల్యాప్‌టాప్‌ను నెట్‌కు తగిలించి కొత్తదానితో ప్రవేశించవచ్చు. అయితే ధ్రువీకరణ సంకేతం పోయేది ఆనాడు ఇచ్చిన మొబైల్ నంబరుకు. కాలేజీ నాటి సిమ్‌ను వదిలేసి ఊరు మారిన కుర్రాడి నంబరు, రద్దయిన 90 రోజుల తరవాత మరొకరికి కేటాయించే వీలున్న దేశం ఇది. మరో ఈమెయిల్ చిరునామా ఆ రోజే ఇచ్చి ఉండకపోతే ఈ దారీ మూసుకుపోతుంది.

నాలుగో తాళం డిస్కునంతటినీ రహస్య లిపిలోకి మార్చే పద్ధతి: 2007లో విస్టాతో జనంలోకి వచ్చిన బిట్‌లాకర్, మాక్‌లో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్. వీటితో కథ పూర్తిగా మారిపోతుంది. బిట్‌లాకర్ తన తాళపు చెవిని మదర్‌బోర్డు మీది టీపీఎం అనే భద్రతా చిప్పుకు అప్పగిస్తుంది గనుక, పాత తాళాలకు పనిచేసిన వైద్యాలు ఇక్కడ బెడిసికొడతాయి. ఫర్మ్‌వేర్ తాళం తీయించడానికి మదర్‌బోర్డు మార్పిస్తే చెవి పాత బోర్డుతోనే పోతుంది. డిస్కును మరో యంత్రానికి తగిలిస్తే చెవి లేని డిస్కు మాత్రమే అక్కడికి చేరుతుంది. ఫర్మ్‌వేర్ అమరికలు చెరిపినా టీపీఎం అనుమానించి చెవి ఇవ్వడం మానేస్తుంది. అప్పుడు నీలి తెర మీద అడిగేది ఆరేసి అంకెల ఎనిమిది గుంపులుగా ఉండే 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలైన యంత్రాలకు ఆ సంఖ్య ఆ ఖాతాలోనే భద్రంగా ఉండవచ్చు. కార్యాలయపు యంత్రమైతే ఆ కార్యాలయపు కంప్యూటర్ విభాగం దగ్గర ఉండవచ్చు. కొందరు కాగితం మీద ముద్రించి పాస్‌బుక్కుల మధ్య పెట్టుకుంటారు. ఎక్కడా లేకపోతే ఏ దుకాణమూ, మైక్రోసాఫ్ట్ సైతం, దాన్ని తెరవలేవు. 2024 అక్టోబరులో విడుదలైన విండోస్ 11 24హెచ్2తో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా అమర్చే యంత్రాలలో ఎక్కువ భాగానికి ఈ గుప్తీకరణ యజమాని అడగకుండానే అమలవుతోంది కాబట్టి, పాస్‌వర్డ్ మరచినా ఫొటోలు దక్కించుకోగల తరం పాత ల్యాప్‌టాప్‌ల తరంతోనే ముగియబోతోంది. దొంగల నుంచి కాపాడే ఏర్పాటు మరుపుగల యజమానిని కూడా దొంగగానే చూస్తుందన్నది ఈ సాంకేతికతలో తప్పించుకోలేని లక్షణం, దాన్ని లోపమనడం సరికాదు.

మరుపుకు యజమానిని తప్పుపట్టడం కూడా అన్యాయమే. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 3,289 పాస్‌వర్డ్‌లను పరిశీలించి, వాటిలో 2,831, అంటే 86 శాతం, సులువుగా ఊహించదగ్గవని తేల్చిన నాటినుంచి, భద్రతా నిపుణులు పాస్‌వర్డ్‌లను కష్టతరం చేస్తూనే వచ్చారు. పెద్ద అక్షరమూ అంకే గుర్తూ తప్పనిసరి చేయడం, తరచుగా మార్పించడం అనే నియమాలకు ఆధారమైన 2003 నాటి అమెరికా ప్రమాణాల సంస్థ పత్రాన్ని రాసిన బిల్ బర్, తన సలహాలలో చాలావాటికి పశ్చాత్తాపపడుతున్నట్టు 2017లో చెప్పాడు. అదే ఏడాది ఆ సంస్థ కొత్త మార్గదర్శకాలలో కారణం లేకుండా పాస్‌వర్డ్ మార్పించవద్దని రాసింది. 2003కూ 2017కూ నడుమ ఆ పాత నియమాల కింద పుట్టి, మూడు నెలలకోసారి మారి, చివరికి ఏది ఆఖరుదో తెలియకుండా పోయిన పాస్‌వర్డ్‌లే ఇవాళ పాత ల్యాప్‌టాప్‌లలో మిగిలాయి. చివర అంకెను ఒకటొకటిగా పెంచుకుంటూ పోవడం అప్పట్లో అందరి అలవాటు గనుక, ఆ వరస పట్టుకొని ప్రయత్నించడం వ్యర్థం కాదు.

చట్టం వైపు నుంచి చూస్తే, యజమాని తన యంత్రాన్ని తెరిపించుకోవడంలో ఏ తప్పూ లేదు. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడం మాత్రం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. అదే పని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. దొంగ సొత్తని తెలిసీ కంప్యూటర్ పుచ్చుకోవడానికి 66బి ఉంది. ఈ కారణంగా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవారు జాగ్రత్తపడాలి: కంపెనీలు లీజు ముగిశాక అమ్మేసిన యంత్రాలు చౌకగా బజారుకు వస్తాయి, విండోస్ చక్కగా నడుస్తుంది, కాని సెట్టింగుల్లోకి పోబోతే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. దుకాణంలోనే ఫర్మ్‌వేర్ సెట్టింగుల తెర తెరిచి చూపించమని, రసీదు మీద యంత్రపు సీరియల్ సంఖ్య రాయమని అడగనివారు ఆ తరవాత ఏ కంపెనీకీ యాజమాన్యం రుజువు చేసుకోలేరు. చనిపోయినవారి ల్యాప్‌టాప్ ఇంకా చిక్కుముడి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మనిషి తన మరణం తరవాత తన హక్కులు వినియోగించడానికి ఒకరిని నియమించుకునే వీలు కల్పించినా, అది సమాచారం పెట్టుకున్న సంస్థలకు వర్తిస్తుందే తప్ప గుప్తీకరించిన డిస్కును తెరవదు.

సుపేలాలోనో పవర్ హౌస్ బజారులోనో మరమ్మతు దుకాణం మెట్లెక్కినవారికి తరచుగా వినబడే జవాబు ‘ఫార్మాట్ మార్ దేంగే’, అంటే ఫార్మాట్ కొట్టేస్తామని. దుకాణదారు దృష్టిలో అది సరైన జవాబే, ఎందుకంటే తెచ్చినవారు యంత్రం నడవాలని అడిగారు, అరగంటలో నడుస్తుంది. పోయేదేమిటో చెప్పవలసిన బాధ్యత తెచ్చినవారిదే. ఇందులో తెలుగువారికి ప్రత్యేకమైన నష్టం ఒకటి ఉంది: 2000ల నాటి తెలుగు పెళ్లి శుభలేఖలు, సంఘాల ప్రత్యేక సంచికలు చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవి, అవి యూనికోడ్ కావు గనుక, ఫైలు వేరే చోట మిగిలినా ఆ ఫాంట్లున్న యంత్రం చెరిగిపోతే తెర మీద అర్థం లేని గుర్తులే కనబడతాయి. హిందీలో కృతిదేవ్ ఫాంటుతో కూర్చినవాటిదీ అదే గతి. అలాంటి ల్యాప్‌టాప్‌లో ఫైళ్లతో పాటు ఫాంట్ల ఫోల్డరును కూడా నకలు తీయించుకోవాలి.

కాబట్టి ఫార్మాట్‌కు తల ఊపే ముందు పాఠకులు ఒక్క పని చేయించుకోవాలి: డిస్కును బయటకు తీయించి, తమ కళ్లెదుటే మరో కంప్యూటరుకు తగిలించి, అది తెరుచుకుంటుందో, 48 అంకెల సంఖ్య అడుగుతుందో, అసలు పలకదో చూడాలి. తెరుచుకుంటే కావలసినవి నకలు తీసుకొని తరవాత ఫార్మాట్ చేయించుకోవచ్చు. సంఖ్య అడిగితే డిస్కును మళ్లీ దాని యంత్రంలోనే పెట్టించి, ఆ సంఖ్య దొరికేదాకా బోర్డును గాని సెట్టింగులను గాని ఎవరి చేతా ముట్టించకూడదు.